ఉలి గీత

నర్సంపేట దారిలోని దొరవారి గడీ నుంచి ఆ కారు తనంతట తాను నడిచి రాలేదు. ట్రాక్టరుకు మోకు కట్టి ఈడ్చుకొచ్చారు. వరంగల్ స్టేషన్ రోడ్డులో పాండురంగం వర్క్‌షాపు ముందు ఆగేసరికి దాని పొడుగాటి ముక్కు మీద కోడిరెట్టలున్నాయి, వెనక సీట్లో వడ్లపొట్టు ఉంది, ఒక తలుపుకు గడియ బదులు సుతిలి తాడు కట్టి ఉంది. అయినా జనం మూగారు. సోడాబండివాడు తన బండి రోడ్డు మీదే వదిలేసి వచ్చాడు. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అంటారు కదా, దొరవారి కారు సంగతీ అంతే.

సారంగపాణి మాత్రం లేత్ దగ్గరినుంచి కదల్లేదు. పంపుసెట్టు షాఫ్టుకు మరలు కోస్తున్నాడు. మరలు సగంలో వదిలేసి లేచే అలవాటు ఆయనకు లేదు. పైగా ఈ మధ్య ఒకసారి చూపు తప్పితే మళ్ళీ అదే గాడిలోకి పనిముట్టును తేవడం కష్టంగా ఉంది. కుడికంట్లో మోతిబిందు ముదిరి చూపుకు పొర కమ్మింది. ఎడమకన్ను కూడా ఆ దారే పట్టింది.

"అన్నా, లెవ్వే! నీ బండొచ్చింది!" అని వెల్డింగు చేసే రాయమల్లు కేకేశాడు.

"రానీ. యాడికి పోతది," అన్నాడు సారంగపాణి. కాని చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

ఆ కారు కథ వర్క్‌షాపులో అందరికీ కంఠతా వచ్చు. అది అమెరికాలో ముప్ఫయ్యయిదులో తయారైన ఆబర్న్ బండి. దాని ఇంజనుకు పక్కన సూపర్‌ఛార్జర్ అనే గాలిపంకా ఉంటుంది. మామూలు ఇంజను తనకు అందినంత గాలి పీల్చుకుంటుంది. ఈ పంకా మాత్రం పసిపిల్లకు ఉగ్గు పట్టినట్టు ఇంజనుకు గాలిని బలవంతంగా మింగిస్తుంది. ఇంజను ఒక చుట్టు తిరిగితే పంకా ఆరు చుట్లు తిరుగుతుంది. యాభైరెండులో ఆ పంకా ఇరుసు చుట్టూ కూర్చునే కంచు బుష్ పగిలింది. బొంబాయిలో దొరకలేదు, అమెరికా నుంచి రావాలంటే ఆర్నెల్లన్నారు. దొరవారు మర్నాడే హైదరాబాదు పోవాలి. అప్పుడు సాంబయ్య మేస్త్రి దగ్గర పనిచేస్తున్న సారంగపాణి ఒక్క పగటిపూట ఆ బుష్ చేసి బిగించాడు. బండి మర్నాడు పొద్దున దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఏటా దసరానాడు ఆయుధపూజ అయ్యాక, కొబ్బరి నములుతూ సారంగపాణి ఈ కథ చెప్పేవాడు. విన్నవాళ్ళు విన్నదే విన్నారు, విసుక్కున్నవాళ్ళు విసుక్కున్నారు, అయినా ఆయన మానలేదు. ముప్ఫై ఏళ్ళు ఇనుము కోసిన మనిషికి చెప్పుకోవడానికి ఆ మాత్రం ఒక్కటైనా ఉండొద్దా?

దసరా ఇంకా తొమ్మిది రోజులుంది. ఈసారి ఆ పండుగంటేనే ఆయనకు భయంగా ఉంది. ఈ వర్క్‌షాపులో పాండురంగం తండ్రి కాలం నుంచీ ఒక ఆనవాయితీ నడుస్తోంది. ఆయుధపూజ రోజు ఏ మిషిని ముందు ఎవరు కొబ్బరికాయ కొడితే, మళ్ళీ దసరా దాకా ఆ మిషిని వాళ్ళది. దానికి కాగితం లేదు, సంతకం లేదు. లేత్ ముందు ఇరవై రెండు కాయలు సారంగపాణి చేతనే పగిలాయి. కిందటి నెల ఆయన కోసిన ఒక షాఫ్టు వెంట్రుకవాసి తగ్గింది. రైతు దాన్ని తెచ్చి పాండురంగం ముందు పడేసిపోయాడు. వారం తిరక్కుండా ఐటీఐ చదివిన నర్సయ్య అనే ముప్ఫై ఏళ్ళవాడు పనిలో చేరాడు. "దసరా దాకా చూద్దాం మేస్త్రీ," అన్నాడు పాండురంగం మొహం పక్కకు తిప్పుకుని. మంచివాడే. మంచివాళ్ళు మొహం తిప్పుకుని చెప్పే మాటే ఎక్కువ నొప్పి పెడుతుంది.

మర్నాడు పొద్దుటి రైలుకు కాజీపేటలో దిగి, జీపులో వెంకటేశ్వర్లు వచ్చాడు. హైదరాబాదులో పనిచేసి రిటైరైన ఇంజనీరు. బొంబాయిలో పాత కార్లు సేకరించే షావుకారు ఎవరో ఈ బండి కొంటున్నాడట. గడీ వారసుడు రాజేశ్వర్ రావు అమ్ముతున్నాడట. బండిలో ఏ ముక్క అసలుదో, ఏది తర్వాత అతికించిందో చూసి రాసిపెట్టమని షావుకారు ఈయనను పంపాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, మెడలో తాడుకు భూతద్దం వేలాడేసుకుని, అట్ట ఉన్న పుస్తకం తెరిచి వెంకటేశ్వర్లు బండి చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు. ఆయనకు కార్ల పుట్టుపూర్వోత్తరాలు పురోహితుడికి గోత్రాలు వచ్చినట్టు వచ్చు.

"ఇంజను పెన్సిల్వేనియాలో విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో తయారైంది. బాడీ ఇండియానాలో కానర్స్‌విల్. ప్లగ్గులు టొలీడో. సూపర్‌ఛార్జర్ ఇండియానాపొలిస్," అంటూ ఒక్కొక్కదాని ఎదురుగా ఊరు పేరు రాసుకుంటూ పోయాడు.

"అన్నీ ఒక్క తాన జెయ్యరా సార్?" అన్నాడు రాయమల్లు.

"ఎందుకు చేస్తారు? ఎవరి విద్య వారిది. ఇంగ్లండు సూపర్‌ఛార్జర్లు చూడండి, కొన్ని లింకన్‌షైర్లో చేశారు, కొన్ని లంకాషైర్లో. ముక్క చేతిలో పెడితే ఏ ఊరిదో చెప్పొచ్చు. పనితనంలో ఊరు కనబడుతుంది."

ఆ మాట సారంగపాణికి నచ్చింది. పని ఆపుకుని, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుంపు వెనక నిలబడ్డాడు. పనితనంలో ఊరు కనబడుతుందన్నమాట. అయితే ఇంకాసేపట్లో తన ఊరు కూడా కనబడాలి.

రాయమల్లు బోల్టులు వదులు చేశాడు. తుప్పు పట్టినవాటికి కిరోసిన్ పోసి, కాసేపాగి, మళ్ళీ తిప్పాడు. పంకా గుల్ల ఊడింది, తర్వాత పంకా, దాని వెనక ఇరుసు. చివరికి కంచు బుష్ నల్లటి జిడ్డుతో బయటపడింది. సారంగపాణి చెయ్యి చాచాడు.

"పెద్దాయనా, చేతులు పెట్టకండి. దయచేసి దూరంగా ఉండండి," అని వెంకటేశ్వర్లు బుష్‌ను తానే అందుకున్నాడు. కిరోసిన్‌లో కడిగాడు, తుడిచాడు, వెలుతురుకు తిప్పాడు. మొహం విప్పారింది.

"ఇది మా సారంగపాణన్న జేసిన బుష్షే సార్. యాభైరెండుల," అన్నాడు రాయమల్లు. ఆ మాటలో కొంత ఎకసెక్కం ఉన్నా కొంత నిజమైన గర్వమూ ఉంది.

వెంకటేశ్వర్లు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, పిల్లవాడు చందమామను తెచ్చానంటే నవ్వే నవ్వు. "ఎవరో మీతో పరాచికాలాడారు. ఇది ఫ్యాక్టరీ ముక్క. ఇదిగో, అంచు మీద ఈ ఏటవాలు గీత చూశారా? ఎందుకనుకుంటున్నారు? నూనె కోసం. ఆ వేగానికి నూనె బయటికి చిమ్మేస్తుంది. దాన్ని మళ్ళీ లోపలికి తీసుకోవడానికి ఈ గీత పెట్టారు. అందుకే ఇన్నేళ్ళయినా అరుగుదల లేదు. ఇంత ముందుచూపు బల్ల ముందు కూర్చుని లెక్కలు కట్టిన ఇంజనీరుకు ఉంటుంది గాని, లేత్ తిప్పే మనిషికి ఎక్కడినుంచి వస్తుందండీ?"

సారంగపాణి ఒకడుగు వెనక్కి వేశాడు. ఏటవాలు గీత.

ఇరవై ఆరేళ్ళుగా కథ చెప్పిన ప్రతిసారీ ఆయన మింగేసిన సంగతి ఆ గీతే. పగిలిన పాత బుష్‌ను ఊడదీసేటప్పుడు దొరవారి డ్రైవరు కొమురెల్లి ఉలి పెట్టి కొట్టాడు. ఉలి జారి అంచు మీద ఏటవాలుగా దెబ్బ పడింది. అది దెబ్బని సారంగపాణికి తెలియదు. 'నమూనా ఎట్లుంటే అట్లనే చెయ్యాలె, వెంట్రుకంత గూడ మారొద్దు' అన్న సాంబయ్య మేస్త్రి మాట తప్ప ఇంకోటి చెవికెక్కని వయసు. బుష్ అంతా తీర్చి, చివర ఉలి పట్టుకుని, ఆ దెబ్బను కూడా పొల్లుపోకుండా దింపాడు. మేస్త్రి చూసి చెంప పగలగొట్టాడు. "దెబ్బను గూడ నకలు కొట్టినవారా దున్నపోతా! రేపు కుంటోన్ని జూపిస్తే కుంటి బొమ్మనే జేస్తవా?" అన్నాడు. ఇంకోటి చేసే టైము లేదు. అదే బిగించారు.

ఇప్పుడు ఆ తప్పును ఈ పెద్దమనిషి అమెరికా తెలివి అంటున్నాడు. ఆ పని తనదని చెప్పాలంటే తప్పు తనదని ముందు చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి. సారంగపాణి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఏందన్నా, ఏమంటవ్?" అన్నాడు రాయమల్లు.

సారంగపాణి గుడ్డతో వేళ్ళు మళ్ళీ తుడుచుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. నర్సయ్య మాత్రం తలవంచుకుని నేల మీది స్పానర్లు ఏరుకున్నాడు. వెంకటేశ్వర్లు పుస్తకంలో బుష్ అని రాసి, ఎదురుగా సిరాతో ఇండియానాపొలిస్ అని రాశాడు.

"పోనీయుండ్రి సార్, పెద్దమనిషి. ఏదో ముచ్చట చెప్పుకుంటడు," అన్నాడు పాండురంగం. తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది.

పనంతా అయ్యాక వెంకటేశ్వర్లు ఇంకో మాట చెప్పాడు. అరిగే ప్రతి ముక్కకూ ఇంకోటి తయారుగా ఉండాలని షావుకారు షరతట. ఈ బుష్‌కు జతది మద్రాసులో చేయిస్తానన్నాడు. పాండురంగానికి రోషమొచ్చింది. "మా దగ్గర ఐటీఐ చదివినాయన ఉన్నడు సార్. శుక్రవారం దాకా టైమియ్యుండ్రి," అన్నాడు.

"నేను జేస్త," అన్నాడు సారంగపాణి.

అందరూ తిరిగి చూశారు.

"మేస్త్రీ, నీ కండ్లు..." అన్నాడు పాండురంగం.

"కండ్లతోని జేస్తరా పని? నేను జేస్త. శెడగొడితే దసరానాడు కొబ్బరికాయ నర్సయ్య కొడ్తడు. నేను అడ్డం రాను."

పాండురంగం నర్సయ్య వంక చూసి, "నువ్వే అన్నవు. మల్ల నన్ననొద్దు," అన్నాడు.

కొత్తవాడలో ఆయన ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాడంతా మగ్గాల చప్పుడు. ముంగిట్లో భార్య పూలమ్మ జంపఖానాల కోసం రంగు నూలును కండెలకు చుడుతోంది. వీధి మొగదల ఆడపిల్లలు బతుకమ్మ పేర్చడానికి తంగేడు పూలు కుప్ప పోసుకున్నారు. సారంగపాణి కాళ్ళు కడుక్కోకుండానే గడప మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా ఎవరో బండకేసి ఉతికినట్టుంది.

సంగతంతా విని పూలమ్మ చరఖా ఆపింది. "మరి గీత ముచ్చట చెప్పకపోయినవా?"

"ఏమని చెప్పాలె? నేనొక మూర్ఖున్ని, దెబ్బకు పనికి ఫరక్ తెల్వకుండె అని చెప్పాల్నా?"

"నాకు చెప్పినవు గదా, లగ్గమైన కొత్తల. నవ్వి నవ్వి సచ్చిన."

"నువ్వు నవ్వితే వేరు."

పూలమ్మ దారాన్ని పళ్ళతో తెంపి ముడేసింది. "ఇరవయ్యారేండ్ల సంది మంచిదే చెప్పుకుంటొచ్చినవు. చెడ్డది గూడ చెప్పుకొని ఉంటే ఇయ్యాల ఆ ముక్క నీదని పదిమంది సాక్ష్యం చెప్పుదురు. అంతా దాసుకొని, ఇప్పుడు కడుపుల వెట్టుకొని కుములుతానవు."

"నీకేం తెలుసు," అన్నాడు గాని ఆ మాటలో బలం లేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. అదే చెట్టుకు అమెరికా అని బోర్డు కడితే ఆకులు దూసుకుపోతారు. ఆయన బాధ అది. దాని కింద ఇంకో బాధ కూడా ఉంది. ఆ గీత పొగడ్త విన్నప్పుడు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయనకు సంతోషం వేసింది. అది తలచుకుంటే సిగ్గుగా ఉంది.

బుధవారం పొద్దున ఆజంజాహి మిల్లు కూత వినబడేసరికే సారంగపాణి లేత్ ముందున్నాడు. నమూనా బుష్ ఇప్పుడు గుడ్డలో చుట్టి ఆయన ముందే ఉంది. విప్పి, కళ్ళు మూసుకుని, బొటనవేలు దాని అంచు చుట్టూ తిప్పాడు. వేలు గీతలోకి జారింది, గీత వెంట నడిచింది, చివర ఉలి లేచినచోట చిన్న తోకలాంటి గరుకుకు తగిలి ఆగింది. కొమురెల్లి కొట్టిన దెబ్బకు ఆ తోక లేదు. అది సారంగపాణి మణికట్టు చేసే పని. ఉలి ఎత్తేటప్పుడు చెయ్యి కొద్దిగా ఎడమకు తిరుగుతుంది. అదొక జబ్బని మేస్త్రి ఎన్నిసార్లు తిట్టినా పోలేదు. అనుమానం కొంచెం మిగిలి ఉంటే అదీ పోయింది. ఎవరూ చూడకుండా బుష్‌ను అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. తప్పిపోయిన బర్రె ఏళ్ళ తర్వాత పక్కవాడి కొట్టంలో కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

కంచు కడ్డీని రంపంతో కోసి లేత్ పిడికిలి లాంటి చక్‌లో బిగించాడు. మిషిని నడిపించాడు. మొదటి కోతకు కంచు పొట్టు పచ్చగా పొడిపొడిగా రాలింది. ఆయన చూపు కంటే చెవి ముందు నడిచింది. పనిముట్టు సాఫీగా కోస్తుంటే ఒక రాగం, మొద్దుబారితే ఇంకో రాగం. రెండుసార్లు ఆపి పనిముట్టును సానబెట్టాడు. లోపలి బోరు తొలిచేటప్పుడు చూపుడువేలి గోరు అంచుకు ఆనించి మెట్టు ఉందో లేదో చూసుకున్నాడు. గోరుకు అందని మెట్టు ఇరుసుకూ తెలియదని సాంబయ్య మేస్త్రి అనేవాడు.

మధ్యాహ్నానికి అసలు చిక్కు వచ్చింది. ఆఖరి కొలత మైక్రోమీటరు మీద చదవాలి. దాని గీతలు ఆయన కంటికి మసకగా కలిసిపోయాయి. ఎండలోకి తీసుకెళ్ళాడు, కంటికి దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు. కనబడలేదు. మామూలుగా అయితే తన అంచనా మీద వదిలేసేవాడు. కిందటి నెల షాఫ్టు అలా వదిలేసినదే. కాసేపు అటూ ఇటూ చూసి, "నర్సయ్యా, జర ఇటు రా. ఇదెంతుందో సదువు," అన్నాడు.

నర్సయ్య వచ్చి చదివాడు. "ఇంకో రెండు థౌలు తియ్యాలె పెద్దయ్యా." థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.

అబద్ధం చెప్పినా తన కంటికి తెలిసే దారి లేదు. చెడగొడితే లేత్ వాడిదే. సారంగపాణి వాడి మొహం వంక చూశాడు. మొహం కూడా మసకగానే ఉంది. నమూనాను, కొత్తదాన్ని పక్కపక్కన గోరుతో తడిమాడు. రెండు థౌలే. వాడు నిజమే చెప్పాడు.

ఆ రోజూ మర్నాడూ నర్సయ్య తన పని ఆపుకుని నాలుగుసార్లు వచ్చి కొలత చదివాడు. ఎవరికీ చెప్పలేదు. ఆఖరిసారి నమూనా చేతిలోకి తీసుకుని, "గీత ఇంకా కొట్టలే?" అన్నాడు.

"గీత అక్కెర్లేదు."

"సారు నూనెకన్నడు గదా?"

"అక్కెర్లేదంటాన," అన్నాడు సారంగపాణి విసురుగా. ఆ విసురు నర్సయ్య మీద కాదు. గీత కొడితే చేసిన తప్పే మళ్ళీ చేసినట్టు. అంతేకాదు, అది అమెరికావాళ్ళు పెట్టిన గీతేనని తానే ఒప్పుకున్నట్టు. ఈసారి పని మాత్రమే చేస్తాడు, దెబ్బను చెయ్యడు. ఇరుసు మీద బుష్‌ను ఎక్కించి వదిలితే అది తన బరువుకు మెల్లగా, నూనెబొట్టు జారినట్టు కిందికి జారింది. ఇంతకంటే ఎవరేం అడుగుతారు?

శుక్రవారం వెంకటేశ్వర్లు వచ్చాడు. రెండు బుష్‌లను బల్ల మీద పెట్టించి, తన మైక్రోమీటరు తీసి కొలిచాడు. లోపల కొలిచాడు, బయట కొలిచాడు, అంచు మందం కొలిచాడు. కనుబొమ్మలు పైకి లేచాయి. పాండురంగం మొహంలో వెలుగొచ్చింది. ఇంతలో వెంకటేశ్వర్లు కొత్త బుష్‌ను తిప్పి చూసి, మళ్ళీ తిప్పి చూశాడు.

"గీత ఏదీ?"

నర్సయ్య సారంగపాణి వంక చూశాడు.

"నూనెగీత లేకుండా ఇదెందుకు పనికొస్తుంది? కొలతలన్నీ ఇంత బాగా పట్టుకుని అసలుదే వదిలేశారు. చూపు ఆననివారికి ఇచ్చారు, ఏం చేస్తాం. దీన్ని పక్కన పెట్టండి. మద్రాసు పంపిస్తాను," అని పుస్తకం మూశాడు.

"నమూనా ముందలే ఉండె గద మేస్త్రీ," అన్నాడు పాండురంగం. కోపం కంటే నీరసమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "గంత గీత గూడ కనబడకపాయెనా?"

సారంగపాణి బల్ల దగ్గరికి వచ్చాడు. ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది గనక? లేత్ పోయింది. ఊరికే పోవడం కంటే చెప్పి పోవడం మేలు.

"కనబడింది సార్. కనబడే ఇడిసిపెట్టిన. అది నూనె గీత గాదు, ఉలి దెబ్బ," అన్నాడు.

"ఏమిటీ?"

"పాత బుష్‌ను ఊడదీసేతప్పుడు దొరోళ్ళ డ్రైవరు కొమురెల్లి కొట్టిండు. నాకు తెల్వక దాన్ని గూడ నకలు దింపిన. మా మేస్త్రి సాంబయ్య చెంపమీద కొట్టిండు. ఈ చెంపనే. ఇన్నేండ్లసంది ఎవ్వలకు చెప్పలే, నామోషయి. తప్పు జేసింది నేనే, ముక్క జేసింది గూడ నేనే. రెండూ నాయే."

వెంకటేశ్వర్లు జాలిగా చూశాడు. "మీరు చాలా బాగా పనిచేశారు. కాదనను. కాని ఈ మాట ఎలా నమ్మమంటారు చెప్పండి?"

సారంగపాణి కొత్త బుష్ తీసుకుని గుడ్డ చుట్టి బల్లకున్న వైసు దవడల మధ్య బిగించాడు. అంచు పైకి వచ్చేలా సరిచేశాడు. తన పెట్టెలోంచి సన్న ఉలి, చిన్న సుత్తి తీశాడు. ఎడమచేతి వేళ్ళతో ఉలిని ఆనించి, కొన ఎక్కడుందో బొటనవేలితో తడుముకున్నాడు. నమూనా వైపు చూడనే లేదు. చూసినా కనబడదు. కిటికీ వైపు మొహం పెట్టి మూడు దెబ్బలు వేశాడు. టక్, టక్, టక్. మూడో దెబ్బకు మణికట్టు అలవాటుగా ఎడమకు తిరిగి ఉలి లేచింది.

వైసు విప్పి, గీత పడిన బుష్‌ను పాతదాని పక్కన పెట్టాడు. "సూడుండ్రి. గీత చివర్ల తోక ఉంటది," అన్నాడు.

వెంకటేశ్వర్లు భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. ఒకటి చూశాడు. రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు. రెండు బుష్‌లనూ చేతుల్లో అటూ ఇటూ మార్చి, ఏది ఏ చేతిలో ఉందో తనకే తికమకై, జిడ్డు రంగును బట్టి గుర్తుపట్టాడు. చాలాసేపటికి భూతద్దం దించి సారంగపాణి చేతుల వంక చూశాడు. నల్లబడ్డ గోళ్ళ వంక, ఉలి పట్టీపట్టీ వంకరపోయిన చూపుడువేలి వంక చూశాడు.

"కూర్చోండి మేస్త్రిగారూ," అన్నాడు.

ఆయన కూర్చోలేదు.

వెంకటేశ్వర్లు పుస్తకం తెరిచాడు. సిరాతో రాసిన ఇండియానాపొలిస్ దగ్గర కలం ఆగింది. "ఇది కొట్టేస్తే షావుకారు బండి తీసుకోడు. అన్నీ అసలువైతేనే తీసుకుంటానన్నాడు," అన్నాడు మెల్లగా. ఎవరికి చెబుతున్నాడో తెలియదు, బహుశా తనకే. "మీరే చెప్పండి, ఏం రాయమంటారు?"

సారంగపాణికి కోపం వచ్చింది. తర్వాత అదీ చల్లారింది. అలసిపోయాడు. ఇరవై ఆరేళ్ళు మోసిన మూటను దించాడు కదా, ఇప్పుడు ఇంకొకరి మూట ఎత్తుకునే ఓపిక లేదు.

"నన్నెందుకడుగుతరు సార్. పనితనంల ఊరు కనబడతదన్నరు. మీకు ఏ ఊరు కనబడితే ఆ ఊరు రాయుండ్రి."

వెంకటేశ్వర్లు మొహం ఎర్రబడింది. కలం కాసేపు గాలిలోనే ఉంది. పైది కొట్టెయ్యలేదు. దాని కింద ఇంకో గీత గీసి, జత బుష్ అని రాసి, ఎదురుగా వరంగల్ అని రాశాడు. పుస్తకం తిప్పి సారంగపాణికి చూపించాడు. అది ఆయనకు కనబడలేదు. నర్సయ్య చదివి వినిపించాడు. రెండూ ఒక్క చేతి పనే. పుస్తకంలో మాత్రం ఒకటి అమెరికాది, ఒకటి ఇక్కడిది. ఇది న్యాయం కాదని అక్కడున్న అందరికీ తెలుసు, రాసినాయనకు అందరికంటే ఎక్కువ తెలుసు. జీపు ఎక్కే ముందు వెనక్కి వచ్చి రెండు చేతులూ జోడించి వెళ్ళాడు.

ముక్కలన్నీ మళ్ళీ బిగించి, ఇంజను బాగుచేసి, రెండు రోజులకు కారును కాజీపేటకు తోలారు. అక్కడినుంచి గూడ్సులో బొంబాయికి. ఈసారి ట్రాక్టరు అక్కర్లేకపోయింది. స్టేషన్ రోడ్డు మలుపు తిరిగేటప్పుడు పంకా ఒక్కసారి సన్నగా కూసింది. సారంగపాణి లేత్ దగ్గరినుంచే విన్నాడు.

దసరానాడు మిషిన్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశారు. లేత్ ముందు పీట మీద కొబ్బరికాయ పెట్టి పాండురంగం వచ్చాడు. "కొట్టు మేస్త్రీ," అన్నాడు. మొహం తిప్పుకోకుండానే అన్నాడు.

సారంగపాణి కాయ చేతిలోకి తీసుకున్నాడు. పీచు తీశాడు. ఈ కాయ కోసం తొమ్మిది రోజులు నిద్ర లేకుండా గడిపాడు. ఇప్పుడది చేతిలోకి వచ్చింది. చక్ మీద పెట్టిన కుంకుమబొట్టు వంక చూస్తే అది ఒకటా రెండా అర్థం కాలేదు.

"నర్సయ్యా, రా. కొట్టు," అన్నాడు.

"నేనా? వద్దు పెద్దయ్యా. నువ్వు గెల్చినవు గదా."

"గెల్చిన గనకనే ఇస్తాన. ఓడిపోయి ఉంటే నువ్వు గుంజుకున్నట్టు అవుతుండె," అన్నాడు సారంగపాణి. "నాలుగుసార్లు కొల్త సదివినవు, నాలుగుసార్లు నిజమే చెప్పినవు. అది సాలు. నేను దవాఖానకు పోయి కన్ను చూపించుకుంట. బాగైతే వస్త, లేకుంటే పక్కన స్టూలేసుకొని కూసుంట. కొట్టు, ఫికర్ చెయ్యకు."

నర్సయ్య పాండురంగం వంక చూశాడు. పాండురంగం తల ఊపాడు. కాయ ఒక్క దెబ్బకు రెండు చిప్పలైంది. నీళ్ళు లేత్ కాళ్ళ మీద చిమ్మాయి. సారంగపాణి అవి చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళు చిన్న సంఖ్య కాదు. కళ్ళు తుడుచుకుంటే మోతిబిందు అనుకుంటారులే అని తుడుచుకున్నాడు.

కొబ్బరి ముక్కలు పంచాక రాయమల్లు పక్కన చేరాడు. "చెప్పన్నా, దొర బండి ముచ్చట. ఏటేటా చెప్తవు గదా," అన్నాడు. ఈసారి ఎకసెక్కం లేదు.

సారంగపాణి కొబ్బరి నమిలి మింగాడు. చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మా మేస్త్రి సాంబయ్య చెయ్యి గింత పెద్దగుంటుండె," అని మొదలుపెట్టాడు.